ఒకే మనిషి, నాలుగు పేర్లు: బ్రిటిష్ లార్డు రాజకీయ జీవితాన్ని తికమక లేకుండా రాయడం ఎలా

గాంధీ-ఇర్విన్ ఒప్పందం ఏ పోటీ పరీక్షల పుస్తకం తెరిచినా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం పాఠం తీస్తే హాలిఫాక్స్ అనే బ్రిటిష్ విదేశాంగ మంత్రి ఎదురవుతాడు. ఆ ఇర్విన్, ఈ హాలిఫాక్స్ ఇద్దరూ ఒక్కరే. ఇంకొంచెం వెనక్కి వెళ్తే ఎడ్వర్డ్ వుడ్ అనే ఎంపీ కనిపిస్తాడు, ఆయనా ఈయనే.

గ్రూప్-1 కి చదివేవాళ్లు, వికీపీడియాలో తెలుగు వ్యాసాలు రాసేవాళ్లు, యూట్యూబ్‌కి స్క్రిప్టులు రాసేవాళ్లు తరచూ అడిగేది ఒకటే: ఈ లార్డుల జీవితం రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ పేరు వాడాలి, ఏ తేదీ నమ్మాలి? అందుకే ఈయన్నే ఉదాహరణగా పెట్టుకుని మొత్తం పని వరసలో చూపిస్తున్నాను. ఆయన మంచివాడా చెడ్డవాడా అన్న తీర్పు ఇందులో ఉండదు. ఆ తీర్పు చెప్పాలన్నా ముందు ఏ తేదీన ఏ కుర్చీలో ఎవరున్నారో తేలాలి కదా, మన వ్యాసాలు చాలావరకు బోల్తా పడేది అక్కడే.

1. రాయడానికి ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఒక్క వాక్యం కూడా రాయకండి. ముందు ఎక్సెల్ షీటో, గీతల నోటుబుక్కో తీసుకుని ఐదు గడులు గీయండి.

- తేదీ (ఏడాది ఒక్కటే చాలదు, నెల కూడా)
- ఆ రోజు ఆయన్ని పిలిచే పేరు
- ఏ సభలో ఉన్నాడు: కామన్స్ (ఎన్నికల్లో గెలిచినవాళ్ల సభ), లార్డ్స్ (అప్పట్లో బిరుదున్నవాళ్ల సభ), లేదా రెండూ కాదు
- చేతిలో ఉన్న పదవి
- పైన ఎవరున్నారు: ప్రధాని ఎవరు, ఏ పార్టీ ప్రభుత్వం

ఐదో గడి అనవసరం అనిపిస్తుంది, అందరూ వదిలేసేదీ అదే. ఇర్విన్ విషయంలో అది లేకపోతే కథ అర్థమే కాదు, ఎందుకో ఆరో అంచెలో చెప్తాను.

ఇక సమాచారం ఎక్కడ దొరుకుతుంది? బ్రిటిష్ పార్లమెంటు చర్చల రికార్డు హాన్సర్డ్ 1803 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. బిరుదులు, నియామకాలు లండన్ గెజిట్‌లో అచ్చవుతాయి, అదీ ఉచితమే. గాంధీజీ వైపు నుంచి చూడాలంటే ఆయన సమగ్ర రచనలు నెట్‌లో ఉన్నాయి, ఉత్తరాలు తేదీల వారీగా దొరుకుతాయి. మన ప్రాంతంలో అప్పుడేం జరిగిందో కావాలంటే ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన పాత తెలుగు పత్రికలు చూడండి. ఇండియాకి సంబంధించిన ఆయన కాగితాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, కుటుంబ కాగితాలూ డైరీలూ యార్క్‌లోని బోర్త్‌విక్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. అక్కడిదాకా మనం వెళ్లలేకపోయినా వాటిని చూసి రాసినవాళ్లు ఎవరు, చూడకుండా రాసినవాళ్లు ఎవరు అన్నది మాత్రం గమనించండి.

2. పేర్ల పట్టిక: ఇది పూర్తయ్యేదాకా ముందుకెళ్లొద్దు

మన జమీందారుల్లో ఇలాంటిది చూశాం. 1930ల్లో మద్రాసు ప్రధానమంత్రిగా చేసిన ఆయన్ని బొబ్బిలి రాజా అంటేనే అందరికీ తెలుస్తుంది, రావు శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావు అంటే సగం మంది ఎవరని అడుగుతారు. బ్రిటన్‌లో ఇంకో మెలిక ఏమిటంటే అక్కడ బిరుదు మారినప్పుడల్లా పేరే మారిపోతుంది.

ఈయన పట్టిక ఇలా వస్తుంది:

- 1881 ఏప్రిల్ 16 నుంచి 1925 చివరిదాకా: ఎడ్వర్డ్ వుడ్. పూర్తి పేరు ఎడ్వర్డ్ ఫ్రెడరిక్ లిండ్లీ వుడ్.
- 1925 డిసెంబరు నుంచి 1934 జనవరి దాకా: లార్డ్ ఇర్విన్. ఇది కొత్తగా ఇచ్చిన బారన్ బిరుదు, వైస్రాయ్‌గా పంపడం కోసం ఇచ్చింది.
- 1934 జనవరి నుంచి: లార్డ్ హాలిఫాక్స్. తండ్రి చనిపోవడంతో వంశపారంపర్యంగా వచ్చిన వైకౌంట్ బిరుదు, ఆ వరసలో మూడో వైకౌంట్.
- 1944 నుంచి 1959 డిసెంబరు 23న చనిపోయేదాకా: ఎర్ల్ ఆఫ్ హాలిఫాక్స్. కొత్త బిరుదు, కాబట్టి మొదటి ఎర్ల్.

మూడో వైకౌంట్, మొదటి ఎర్ల్ రెండూ ఒక్క మనిషే. చాలా చోట్ల ఇద్దరిని చేసి రాస్తున్నారు.

వ్యాసంలో ఏ పేరు వాడాలి? ఒకటే సూత్రం: ఆ సంఘటన జరిగిన రోజు ఆయన ఏ పేరుతో ఉన్నాడో అదే. పేరు మారిన చోట ఒక్కసారి "ఇకనుంచి హాలిఫాక్స్" అని పాఠకుడికి చెప్పండి. మొదటి పేరాలో నాలుగు పేర్లూ ఒకే వాక్యంలో ఇచ్చేస్తే సెర్చ్ చేసేవాళ్లకీ దొరుకుతుంది.

3. "లార్డ్" అని ఎప్పుడు రాయాలి, ఎప్పుడు రాయకూడదు

బ్రిటన్ బిరుదులు పై నుంచి కిందికి డ్యూక్, మార్క్విస్, ఎర్ల్, వైకౌంట్, బారన్. డ్యూక్‌ని తప్ప మిగతా నలుగురినీ మామూలుగా లార్డ్ అనే పిలుస్తారు. ఈ లార్డ్ పక్కన వచ్చేది బిరుదు పేరు: లార్డ్ ఇర్విన్, లార్డ్ హాలిఫాక్స్. "లార్డ్ ఎడ్వర్డ్ వుడ్" అని రాస్తే తప్పు.

మరి లార్డ్ రాండోల్ఫ్ చర్చిల్ సంగతేంటి అని అడుగుతారు. విన్‌స్టన్ చర్చిల్ తండ్రి అయిన ఆయన డ్యూక్ గారి చిన్నకొడుకు. డ్యూకులు, మార్క్విస్‌ల చిన్నకొడుకులకి సొంత పేరు ముందు లార్డ్ పెడతారు, అది మర్యాదకి పిలిచే పిలుపు మాత్రమే, దాంతో లార్డ్స్ సభలో సీటు రాదు. అందుకే ఆయన కామన్స్‌లో ఎంపీగా కూర్చున్నాడు. వుడ్ తండ్రి వైకౌంట్ కాబట్టి ఆ పిలుపు కూడా ఈయనకి లేదు.

ఎంపీగా ఉన్న మనిషి పేరు ముందు లార్డ్ కనిపిస్తే ఆగి, ఇది మర్యాద పిలుపా, అసలు బిరుదా అని చూసుకోండి. ఈ ఒక్క ప్రశ్నతో సగం తప్పులు పోతాయి.

4. కుటుంబం: మూడు విషయాలు చాలు

కోటలు, కుక్కలు, వేటలు అంటూ పేజీలు నింపడం ఇలాంటి వ్యాసాల్లో పెద్ద జబ్బు. కుటుంబం గురించి రాజకీయ జీవితానికి పనికొచ్చేది మూడే: వారసుడు ఎలా అయ్యాడు, డబ్బు ఎక్కడిది, బంధుత్వం ఎవరితో.

ఎడ్వర్డ్ నాలుగో కొడుకు. అన్నలు ముగ్గురూ చిన్నతనంలోనే చనిపోయారు, అందుకే వారసుడయ్యాడు. పుట్టుకతోనే ఎడమ చెయ్యి సరిగ్గా లేదు. యార్క్‌షైర్‌లో భూములు. మేనత్త నుంచి టెంపుల్ న్యూసమ్ అనే పెద్ద భవనం వచ్చింది, 1922లో దాన్ని లీడ్స్ కార్పొరేషన్‌కి అమ్మేశాడు. భార్య డొరతీ ఎర్ల్ ఆఫ్ ఆన్‌స్లో కూతురు. చదువు ఈటన్, ఆక్స్‌ఫర్డ్. దీనికి రెండు పేరాలు మించొద్దు.

తాతని మాత్రం వదలకండి. మన విద్యా చరిత్రలో వుడ్స్ డిస్పాచ్ అని చదువుకుంటామే, 1854 నాటిది, ఆ చార్లెస్ వుడ్ ఈయన తాత. 1866లో ఆయనే మొదటి వైకౌంట్ హాలిఫాక్స్ అయ్యాడు. అంటే తాత కూడా మొదట వుడ్, తర్వాత హాలిఫాక్స్. ఇంకో జాగ్రత్త: 1854లో చార్లెస్ వుడ్ బోర్డ్ ఆఫ్ కంట్రోల్ (ఈస్టిండియా కంపెనీ పాలన మీద బ్రిటిష్ ప్రభుత్వ పర్యవేక్షణ సంస్థ) అధ్యక్షుడు, భారత వ్యవహారాల మంత్రి కాదు. ఆ మంత్రి పదవి పుట్టిందే 1858లో. ఆ పదవిలోకి ఆయన 1859లో వచ్చాడు.

5. సీటు, సభ, పదవి: మూడింటినీ విడదీయండి

మన దగ్గర మంత్రి అంటే దాదాపుగా ఎన్నికల్లో గెలిచినవాడే. అక్కడి అభిజాత నాయకుల విషయంలో ఎన్నికలు జీవితంలో సగభాగమే, కొందరికి అదీ లేదు. అందుకే ఎన్నికల సీటు, కూర్చున్న సభ, చేసిన పదవి మూడూ వేరు వేరు వరసల్లో రాసుకోవాలి.

వుడ్ 1910 జనవరిలో యార్క్‌షైర్‌లోని రిపన్ నుంచి కన్సర్వేటివ్ ఎంపీగా గెలిచాడు. అదే ఏడాది డిసెంబరులో మళ్లీ గెలిచాడు, ఆ తర్వాత ప్రతిసారీ పోటీ లేకుండానే. రిపన్ అనగానే మనకి వైస్రాయ్ లార్డ్ రిపన్ గుర్తొస్తాడు. ఊరు అదే, ఆయన బిరుదు ఆ ఊరి పేరు మీదే, అంతకుమించి సంబంధం లేదు. "రిపన్ తరఫున వుడ్" అని రాస్తే తెలుగు పాఠకుడు వైస్రాయ్ ప్రతినిధి అనుకునే ప్రమాదం ఉంది, "రిపన్ నియోజకవర్గం" అని స్పష్టంగా రాయండి.

పదవులు: 1921-22లో వలసల శాఖలో చర్చిల్ కింద సహాయ మంత్రి, 1922 నుంచి 1924 దాకా విద్యా మంత్రి, 1924-25లో వ్యవసాయ మంత్రి. 1925 చివర వైస్రాయ్‌గా పేరు ఖరారయ్యాక బారన్ బిరుదు వచ్చింది, కామన్స్ సీటు పోయింది. ఇక జీవితాంతం మళ్లీ ఎన్నికల్లో నిలబడలేదు. ఈ వాక్యాన్ని మీ వ్యాసంలో ఎక్కడో ఒక చోట తప్పకుండా పెట్టండి, 1940 దగ్గర దీంతో పని పడుతుంది.

6. ఇండియా అధ్యాయం: ఐదో గడి ఇక్కడే కావాలి

ఇర్విన్ 1926 ఏప్రిల్ 3న బాధ్యతలు తీసుకున్నాడు, 1931 ఏప్రిల్ 18న దిగిపోయాడు. ఆయనకి ముందు లార్డ్ రీడింగ్, తర్వాత లార్డ్ విల్లింగ్డన్.

ఆయన్ని పంపింది బాల్డ్విన్ నాయకత్వంలోని కన్సర్వేటివ్ ప్రభుత్వం. 1929 జూన్‌లో లండన్‌లో లేబర్ ప్రభుత్వం వచ్చింది. అంటే కన్సర్వేటివ్ మనిషి లేబర్ మంత్రి కింద పని చేశాడు, ఆ భారత మంత్రి విలియం వెడ్జ్‌వుడ్ బెన్. అందుకే 1929 అక్టోబరు 31న డొమినియన్ ప్రతిపత్తి (బ్రిటిష్ సామ్రాజ్యంలోనే ఉంటూ స్వపరిపాలన) గురించి ఇర్విన్ ప్రకటన చేసినప్పుడు గోల చేసిన ప్రతిపక్షంలో ఆయన సొంత పార్టీవాళ్లూ ఉన్నారు. చర్చిల్ ముందు వరసలో ఉన్నాడు. ఈ గడి నింపకుండా రాస్తే "బ్రిటిష్ ప్రభుత్వం అనుకుంది, బ్రిటిష్ ప్రభుత్వం చేసింది" అనే ముద్ద వాక్యాలే మిగుల్తాయి.

ఇక్కడే ఇంకో గుంట ఉంది. 1929 జూన్ చివర్లో ఇర్విన్ సెలవు మీద ఇంగ్లండ్ వెళ్లాడు, అక్టోబరులో తిరిగొచ్చాడు. ఆ మధ్యలో తాత్కాలిక వైస్రాయ్‌గా చేసింది మద్రాసు గవర్నర్ గోషెన్. లాహోర్ జైల్లో నిరాహార దీక్షలో జతిన్ దాస్ చనిపోయింది 1929 సెప్టెంబరు 13న. ఆ రోజు కుర్చీలో ఇర్విన్ లేడు. విధానం ఎవరిది అన్నది వేరే చర్చ, వాక్యంలో మాత్రం పేరు సరిగ్గా ఉండాలి.

వరసలో రాయాల్సిన సంఘటనలు:

- 1927 నవంబరు: సైమన్ కమిషన్ ప్రకటన. ఒక్క భారతీయుణ్ణి కూడా వేయకపోవడంలో ఇర్విన్ సలహా కూడా ఉంది.
- 1928 ఫిబ్రవరి 3: మద్రాసులో సైమన్ వ్యతిరేక ప్రదర్శన, తుపాకుల ముందు ప్రకాశం పంతులు గారు గుండె చూపించింది ఆ రోజే.
- 1929 అక్టోబరు 31: డొమినియన్ ప్రకటన.
- 1929 డిసెంబరు 23: ఢిల్లీ దగ్గర వైస్రాయ్ రైలు కింద బాంబు. ఆయన బతికి బయటపడి అదే రోజు గాంధీజీ తదితరులను కలిశాడు.
- 1930 మార్చి 2: గాంధీజీ ఉత్తరం.
- 1930 మార్చి 12 నుంచి ఏప్రిల్ 6: దండి యాత్ర, ఉప్పు చట్టం ఉల్లంఘన.
- 1931 ఫిబ్రవరి 17: ఇర్విన్, గాంధీజీ చర్చలు మొదలు.
- 1931 మార్చి 5: ఒప్పందం.
- 1931 మార్చి 23: భగత్ సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌లకు ఉరి.

అన్నిటికీ సమాన స్థలం ఇవ్వకండి. నా మాట వింటే మార్చి 2 ఉత్తరం దగ్గర ఎక్కువసేపు ఆగండి. గాంధీజీ దాన్ని "ప్రియ మిత్రమా" అని మొదలుపెట్టి, వైస్రాయ్ జీతం నెలకి 21,000 రూపాయలు, అంటే రోజుకి 700 పైన, భారతీయుడి సగటు రాబడి రోజుకి రెండణాల లోపు అని లెక్క వేసి చూపించారు. దాన్ని తీసుకెళ్లి ఇచ్చింది రెజినాల్డ్ రేనాల్డ్స్ అనే ఇంగ్లీషు కుర్రాడు. వైస్రాయ్ స్వయంగా బదులు రాయలేదు, కార్యదర్శి చేత పొడిగా నాలుగు ముక్కలు పంపించాడు. ఇర్విన్ మర్యాదస్తుడు, భక్తిపరుడు అని ఒక పేజీ రాసేకన్నా ఈ ఉత్తరం, ఆ జవాబు పక్కపక్కన పెడితే పాఠకుడికి మనిషి కనిపిస్తాడు.

ఒప్పందం గురించి రాసేటప్పుడు ఇచ్చినవి, ఇవ్వనివి రెండూ రాయాలి. కాంగ్రెస్ శాసనోల్లంఘనం ఆపుతుంది, రౌండ్ టేబుల్‌కి వస్తుంది. ప్రభుత్వం ఆర్డినెన్సులు ఎత్తేస్తుంది, హింస ఆరోపణ లేని ఖైదీలను వదులుతుంది, ఉప్పు దొరికే తీరగ్రామాల వాళ్లు సొంత వాడకానికి తీసుకోవచ్చు. ఇవ్వనివి: పోలీసుల అఘాయిత్యాల మీద విచారణ లేదు, ఉరిశిక్షల రద్దు లేదు. మచిలీపట్నంలో, దేవరంపాడు శిబిరంలో ఉప్పు వండి దెబ్బలు తిని జైళ్లకెళ్లినవాళ్లకి ఈ షరతుల్లో ఏది దక్కింది, ఏది దక్కలేదు అన్న కోణం తెలుగులో రాసేవాళ్లు పట్టుకోవాలి. పాత తెలుగు పత్రికలు ముందే చూసి పెట్టుకోమన్నది ఇందుకే.

7. 1932 నుంచి 1938 దాకా: పదవులు గబగబా, తేదీలు జాగ్రత్తగా

తిరిగెళ్లాక 1932 నుంచి 1935 దాకా మళ్లీ విద్యా మంత్రి. 1935లో కొన్ని నెలలు యుద్ధ మంత్రి, తర్వాత లార్డ్ ప్రివీ సీల్, 1937లో లార్డ్ ప్రెసిడెంట్. ఈ చివరి రెండూ శాఖ లేని పెద్ద పదవులని ఒక ముక్కలో చెప్పి వదిలేయండి.

1937 నవంబరులో బెర్లిన్‌లో వేట ప్రదర్శన చూసే సాకుతో జర్మనీ వెళ్లి బెర్ఖ్టెస్‌గాడెన్‌లో హిట్లర్‌ని కలిశాడు. గుర్తుపెట్టుకోండి, అప్పటికి ఆయన విదేశాంగ మంత్రి కాదు, ఈడెన్ ఆ పదవిలో ఉన్నాడు. 1938 ఫిబ్రవరిలో ఈడెన్ రాజీనామా చేశాక హాలిఫాక్స్ వచ్చాడు. విదేశాంగ మంత్రి లార్డ్స్‌లో ఉన్నాడు కాబట్టి కామన్స్‌లో జవాబులు ప్రధాని ఛాంబర్లేన్, సహాయ మంత్రి బట్లర్ చెప్పేవారు. హాన్సర్డ్‌లో హాలిఫాక్స్ కోసం కామన్స్ పేజీలు వెతికితే ఏమీ దొరకదు, లార్డ్స్ వైపు వెతకండి.

ఈ వాక్యం చూడండి, ఇలాంటివి నెట్ నిండా ఉన్నాయి:

"1938లో విదేశాంగ మంత్రి లార్డ్ ఇర్విన్ మ్యూనిచ్ వెళ్లి హిట్లర్‌తో ఒప్పందం చేసుకున్నాడు."

రెండు తప్పులు. 1934 నుంచే ఆయన హాలిఫాక్స్. మ్యూనిచ్‌కి ఆయన వెళ్లనే లేదు. సరిచేస్తే ఇలా:

"1938 సెప్టెంబరు చివర ప్రధాని ఛాంబర్లేన్ మ్యూనిచ్ వెళ్లాడు. విదేశాంగ మంత్రి హాలిఫాక్స్, ఇదివరకటి ఇర్విన్, లండన్‌లోనే ఉండిపోయాడు."

అంతకు నాలుగు రోజుల ముందు, సెప్టెంబరు 25న, కేబినెట్‌లో హాలిఫాక్స్ చెకోస్లోవేకియా మీద హిట్లర్ పెట్టిన కొత్త షరతులు ఒప్పుకోవద్దని ప్రధానికి ఎదురు చెప్పాడు. బుజ్జగింపు విధానం (హిట్లర్ కోరికలు కొన్ని ఒప్పుకుని యుద్ధం తప్పించుకోవాలన్న విధానం) మనిషి అని ఒక్క ముద్ర వేసి వదిలేసే వ్యాసాల్లో ఈ తేదీ ఉండదు. మీ వ్యాసంలో ఉండాలి. అలాగని ఈ ఒక్క తేదీ పట్టుకుని ఆయన్ని హీరో చేయకండి, అంతకుముందు ఏడు నెలలు ఆ విధానాన్ని మోసింది కూడా ఆయనే.

8. 1940 మే: ఎవరి జ్ఞాపకాన్నీ ఒంటరిగా నమ్మొద్దు

ఈ అధ్యాయంలో తొందరపడకండి. ఇక్కడే మంచి వ్యాసానికీ కాపీ వ్యాసానికీ తేడా తెలిసిపోతుంది.

నార్వేలో బ్రిటిష్ సేనల వైఫల్యం మీద మే 7, 8 తేదీల్లో కామన్స్‌లో చర్చ జరిగింది. ఛాంబర్లేన్ 281కి 200 ఓట్లతో గెలిచాడు, కానీ 81 మెజారిటీ చాలలేదు, అంతవరకూ ఉన్న బలంతో పోలిస్తే అది ఓటమి కింద లెక్క. తర్వాత ప్రధాని ఎవరు? ఇద్దరే, చర్చిల్, హాలిఫాక్స్.

ప్రధాని ఇంట్లో మీటింగ్ జరిగింది. చర్చిల్ తన జ్ఞాపకాల్లో అది మే 10 ఉదయం అని, ఉన్నది ముగ్గురం అని రాసుకున్నాడు. హాలిఫాక్స్ డైరీ ప్రకారం అది మే 9 సాయంత్రం, నాలుగో మనిషి కూడా ఉన్నాడు, పార్టీ చీఫ్ విప్ డేవిడ్ మార్గెసన్. చరిత్రకారులు మే 9నే తీసుకుంటున్నారు. ఏళ్ల తర్వాత రాసిన జ్ఞాపకం కన్నా ఆ పూటే రాసిన డైరీకి విలువెక్కువ. రెండూ తేడాగా ఉంటే రెండూ చెప్పి, మీరు దేన్ని ఎందుకు నమ్ముతున్నారో ఒక వాక్యంలో రాయండి.

హాలిఫాక్స్ వద్దన్నాడు. ఆయన చెప్పిన కారణం లార్డ్స్‌లో కూర్చుని యుద్ధకాలంలో ప్రభుత్వం నడపలేను అని. చాలా వ్యాసాలు ఇక్కడ "లార్డు కాబట్టి ప్రధాని కాలేకపోయాడు" అని తేల్చేస్తాయి. కొంచెం ఆగండి. చట్టంలో అడ్డు లేదు, 1902 దాకా సాల్స్‌బరీ లార్డ్స్ నుంచే ప్రధానిగా చేశాడు. 1923లో కర్జన్‌ని పక్కన పెట్టి బాల్డ్విన్‌ని తీసుకున్నాక లార్డ్స్ నుంచి ప్రధాని కష్టం అన్న అభిప్రాయం బలపడింది, అంతే. రాజు ఆరో జార్జ్ అయితే ఆ బిరుదును తాత్కాలికంగా పక్కన పెట్టే దారి చూడొచ్చు కదా అని ఛాంబర్లేన్‌తో అన్నట్టు తన డైరీలో రాసుకున్నాడు. యుద్ధం నడిపే సత్తా చర్చిల్‌కే ఉందని హాలిఫాక్స్‌కి కూడా తెలుసు, బిరుదు మర్యాదగా చెప్పుకోవడానికి దొరికిన కారణం అన్నది నా అభిప్రాయం. అభిప్రాయాన్ని ఇలాగే, అభిప్రాయం అని చెప్పి రాయాలి.

మే 26 నుంచి 28 దాకా వార్ కేబినెట్ చర్చలు ఇంకో పేరా. ఇటలీ ద్వారా షరతులు కనుక్కుందాం అని హాలిఫాక్స్, వద్దని చర్చిల్. "లొంగిపోదాం అన్నాడు" అని రాయకండి, మినిట్స్‌లో ఉన్నది అది కాదు. దేశ స్వాతంత్ర్యం దెబ్బతినని షరతులైతే విందాం అన్నాడు. ఆ మినిట్స్ బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

9. చివరి అంకం

1940 డిసెంబరులో చర్చిల్ ఆయన్ని వాషింగ్టన్‌కి రాయబారిగా వేశాడు, 1941 జనవరి నుంచి 1946 మే దాకా అక్కడే. 1942లో కొడుకు పీటర్ యుద్ధంలో చనిపోయాడు, మరో కొడుకు రిచర్డ్ రెండు కాళ్లూ పోగొట్టుకున్నాడు. 1944లో ఎర్ల్. 1957లో ఆత్మకథ వచ్చింది, అందులో ఇబ్బందికరమైన చోట్ల మాటలు చాలా పొదుపు, కాబట్టి దాన్నే ఆధారంగా పెట్టుకుని రాయొద్దు. 1959లో యార్క్‌షైర్‌లోని గారోబీలో చనిపోయాడు. ఇంతకన్నా సాగదీయక్కర్లేదు.

10. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

పాత తేదీకి కొత్త బిరుదు పెట్టడం. "1926లో వైస్రాయ్‌గా వచ్చిన హాలిఫాక్స్" లాంటివి. మందు: రాసిన ప్రతి పేరునీ పట్టికలో తేదీతో సరిచూడటం.

ఒకే బిరుదున్న వేరే మనుషుల్ని కలిపేయడం. 17వ శతాబ్దంలో ఇంకో హాలిఫాక్స్ మార్క్విస్ ఉన్నాడు, ఆ తర్వాత వేరే వంశంలో హాలిఫాక్స్ ఎర్ల్‌లు ఉన్నారు. వాళ్లకీ ఈ వుడ్ వంశానికీ సంబంధం లేదు. మందు: బిరుదుతో పాటు పుట్టిన, చనిపోయిన ఏళ్లు రాయడం.

వైస్రాయ్‌ని మహారాజులా చూపించడం. పెద్ద నిర్ణయాలకి లండన్‌లోని భారత మంత్రి ఆమోదం కావాలి. మందు: ఐదో గడి.

జోకుల్ని చరిత్రగా రాయడం. హిట్లర్‌ని చూసి తలుపు తీసే నౌకరు అనుకున్నాడన్న కథ అందరూ చెప్తారు. రాయాలనిపిస్తే "అని చెప్పుకుంటారు" అని ఒక్క లైను, దాని మీద అధ్యాయం కట్టకండి.

ఉచ్చారణ. ఇంగ్లీషు అక్షరాలు చూసి తెలుగులోకి దించేస్తే కొన్ని పేర్లు పాడైపోతాయి. 1963లో బ్రిటన్ ప్రధాని అయిన అలెక్ డగ్లస్-హ్యూమ్ పేరుని హోమ్ అని రాసినవాళ్లు ఎంతమందో. బ్రిటిష్ రేడియో పాత రికార్డింగులు ఒకసారి విని రాయండి.

11. పోస్ట్ చేసే ముందు చూసుకోవాల్సినవి

- నాలుగు పేర్లూ మొదటి పేరాలో వచ్చాయా?
- ప్రతి పేరు మార్పు దగ్గర నెల, ఏడాది ఉన్నాయా?
- ఆయన కామన్స్ వదిలేసిన సంగతి స్పష్టంగా ఉందా?
- 1929లో సెలవు నెలలు విడిగా చూపారా, గోషెన్ పేరు వచ్చిందా?
- ఒప్పందంలో ఇవ్వనివి కూడా రాశారా?
- మే 9, మే 10 తేడా చెప్పారా?
- మీ అభిప్రాయాలు అభిప్రాయాల్లాగే కనిపిస్తున్నాయా?
- తాతని, మనవడిని ఎక్కడైనా కలిపేశారా?

12. తర్వాత ఎవరి మీద ప్రాక్టీస్ చేయాలి

ముందు కర్జన్. 1898లో వైస్రాయ్‌గా వచ్చేముందు ఆయన ఐర్లండ్ వరసలో బారన్ బిరుదు తీసుకున్నాడు, దానంతట అది లార్డ్స్ సీటు తెచ్చే బిరుదు కాదు కాబట్టి తిరిగొచ్చాక కామన్స్‌కి పోటీ చేసే దారి మూసుకోకుండా. పట్టికలో సభ గడి ఎందుకుందో ఈ ఒక్క ఎత్తుగడతో అర్థమవుతుంది.

తర్వాత అలెక్ డగ్లస్-హ్యూమ్. ఈయన కాస్త కష్టం, పట్టికలో వరసలు ఎక్కువ. తండ్రి ఎర్ల్‌గా ఉండగా మర్యాద పిలుపుతో లార్డ్ డన్‌గ్లాస్, ఆ పేరుతోనే 1931లో ఎంపీ, 1938లో ఛాంబర్లేన్‌తో పాటు మ్యూనిచ్ వెళ్లింది ఈయనే. 1951లో తండ్రి పోయాక 14వ ఎర్ల్ ఆఫ్ హ్యూమ్, సీటు పోయింది. 1963 అక్టోబరు 19న ప్రధాని, అక్టోబరు 23న బిరుదు వదులుకుని సర్ అలెక్, నవంబరు మొదట్లో ఉప ఎన్నికలో గెలిచి కామన్స్‌కి. అంటే రెండు వారాల పైన బ్రిటన్ ప్రధాని ఏ సభలోనూ సభ్యుడు కాదు. 1974లో మళ్లీ లార్డ్, ఈసారి జీవితకాల బిరుదు.

ఆ బిరుదు వదులుకునే హక్కు ఎక్కడిది? 1963 నాటి పీరేజ్ చట్టం. దానికోసం కొట్లాడి సాధించింది టోనీ బెన్, తండ్రి చనిపోవడంతో వైకౌంట్ బిరుదు నెత్తిన పడి ఎంపీ సీటు పోగొట్టుకున్న మనిషి. ఆ తండ్రి ఎవరో కాదు, 1931లో ఇర్విన్ ఒప్పందానికి లండన్ నుంచి సరే అన్న భారత మంత్రి వెడ్జ్‌వుడ్ బెన్. ఆయన 1942లో వైకౌంట్ స్టాన్స్‌గేట్ అయ్యాడు, మీ పట్టికలో ఆయనకీ రెండు వరసలు పెట్టండి.